పాత స్పోర్ట్స్ కారులో ఆయిళ్లు మార్చడం: ఎంపిక నుంచి చివరి తనిఖీ దాకా

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సెకండ్ హ్యాండ్‌లో ఆక్టావియా ఆర్‌ఎస్, ముస్టాంగ్ జీటీ, ఆడి టీటీ లాంటి కారు కొని హనుమకొండకో కరీంనగర్‌కో మంచిర్యాలకో తెచ్చుకున్నవారు తరచుగా అడిగేది ఒకటే: ‘ఏ ఇంజన్ ఆయిల్ పోయించాలి?’ దానికి జవాబు కింద ఉంది. అయితే ముందుగా అడగాల్సింది బ్రేక్ ఆయిల్ గురించి. గంటకు 200 కిలోమీటర్ల వేగం అందుకునే కారును ఆపేది అదే. పాత కార్లలో ఎక్కువమంది మరచిపోయేదీ అదే.

పని చేయాల్సిన వరుసలోనే ఈ వివరాలు ఇస్తున్నాను. మీరే చేసుకున్నా, మెకానిక్ పక్కన నిలబడి చేయించుకున్నా ఈ వరుస మారదు.

1. ముందు కారు వివరాలు రాసుకోండి

మోడల్ పేరు ఒక్కటే చాలదు. ఆక్టావియా ఆర్‌ఎస్‌నే తీసుకోండి. 2004లో మన దేశంలో అమ్మినది 1.8 లీటర్ల టర్బో, ఐదు గేర్ల మాన్యువల్. 2017లో వచ్చిన ఆర్‌ఎస్ 230లో రెండు లీటర్ల టర్బో, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్). 2020 నాటి ఆర్‌ఎస్ 245లో ఏడు గేర్ల డీఎస్‌జీ. పేరు ఒకటే అయినా మూడింటి గేర్‌బాక్స్ ఆయిళ్లు వేరు.

డబ్బా కొనడానికి వెళ్లే ముందు ఇవి చేతిలో ఉండాలి:

• ఛాసిస్ నంబరు, ఇంజన్ కోడ్, గేర్‌బాక్స్ కోడ్
• కారుతో వచ్చిన పుస్తకంలో ఆయిళ్ల పేజీ. అందులోని ఆమోద నంబర్లు, ఎన్ని లీటర్లు పడతాయన్న వివరం
• పాత సర్వీసు బిల్లులు. వాటి మీద తేదీ, కిలోమీటర్లు

అమ్మినవారు ‘అన్నీ మార్పించాం’ అని ఎంత నమ్మకంగా చెప్పినా, బిల్లు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి.

2. ఏది ముందు, ఏది తర్వాత

నేను పాటించే వరుస ఇది: బ్రేక్ ఆయిల్, ఇంజన్ ఆయిల్, కూలెంట్, గేర్‌బాక్స్, చివరికి డిఫరెన్షియల్ (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె). ప్రాణానికి ముప్పు తెచ్చేది ముందు, ఇంజన్‌ను పాడుచేసేది తర్వాత, నిదానంగా అరిగిపోయేది ఆఖరున.

అన్నీ ఒకే రోజు మార్చకండి. మార్చిన మర్నాడు కారు కింద మరక కనిపించినా, కొత్త చప్పుడు వినిపించినా అది ఏ పని వల్ల వచ్చిందో తేల్చుకోగలగాలి. బ్రేక్, ఇంజన్ ఒక రోజు చేసి కొన్నాళ్లు నడపండి. తర్వాత కూలెంట్. గేర్‌బాక్స్‌కు ప్రత్యేకంగా ఒక ఉదయం కేటాయించండి. ఎందుకు ఉదయమే అన్నది 8వ భాగంలో చెబుతాను.

3. చోటు, పనిముట్లు

ఈ కార్లు నేలకు చాలా దగ్గరగా ఉంటాయి. మామూలు జాకీ కిందికి దూరదు. దూరినా పక్క ప్యానెల్‌ను నొక్కేస్తుంది. ముందు చక్రాలను మందపాటి చెక్కల మీదికి ఎక్కించి, తర్వాత ఎత్తు తక్కువ ఉండే జాకీ పెట్టాలి. వాటర్ సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు అద్దెకు దొరికితే అంతకంటే మేలు. కారు నాలుగు వైపులా సమమట్టంగా ఉండాలి. ముందు భాగం మాత్రమే ఎత్తితే గేర్‌బాక్స్ మట్టం తప్పుగా తేలుతుంది.

గ్రానైట్ లారీలు తిరిగే రోడ్ల పక్కన ఉన్న షెడ్లలో దుమ్ము విపరీతం. ముందు రోజే కారు కింది భాగం కడిగించి ఆరనివ్వండి. బోల్టు విప్పినప్పుడు దాని చుట్టూ ఉన్న ఇసుక లోపలికి పోవడం చిన్న సంగతి కాదు.

• జాకీ స్టాండ్లు. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎప్పుడూ వెళ్లకండి
• టార్క్ రెంచ్. ఈ కార్ల గేర్‌బాక్సులు, చాలా ఇంజన్ల చాంబర్లు (అడుగున ఆయిల్ నిలిచే తొట్లు) అల్యూమినియంవి. చేతి అంచనాతో బిగిస్తే మరలు చెడిపోతాయి
• కొత్త వాషర్లు, కొత్త ఓ రింగులు (కారకుండా ఆపే రబ్బరు వలయాలు), వీలైతే కొత్త డ్రెయిన్ బోల్టు (ఆయిల్ దించే బోల్టు)
• కొలత గీతలున్న డబ్బా. బయటికి వచ్చినది ఎంతో కొలవడానికి
• రింగు పానాలు, పారదర్శకమైన సన్నని పైపు, నూగు రాలని గుడ్డలు, చేతి తొడుగులు, కళ్లద్దాలు
• గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత చూపే స్కానర్

4. బ్రేక్ ఆయిల్

మనం ఆయిల్ అంటున్నా ఇది నూనె కాదు. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 రకాలు గ్లైకాల్ ద్రవాలు. వీటిలో మామూలు నూనె చుక్క పడినా రబ్బరు సీళ్లు ఉబ్బిపోతాయి. డాట్ 5 మాత్రం సిలికాన్ రకం. పేరు దగ్గరగా ఉందని దాన్ని మిగతా వాటిలో కలపకూడదు.

గ్లైకాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ప్రమాణం ప్రకారం డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు దిగుతుంది. వేగంగా వస్తూ రెండు మూడుసార్లు గట్టిగా బ్రేక్ వేస్తే క్యాలిపర్ (చక్రం దగ్గర బ్రేక్ ప్యాడ్లను నొక్కే భాగం) దగ్గర ఆ వేడి పుట్టడం కష్టమేమీ కాదు. ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే పెడల్ మెత్తగా కిందికి దిగిపోతుంది, కారు ఆగదు. అందుకే రెండేళ్లకు ఒకసారి, కిలోమీటర్లతో సంబంధం లేకుండా మార్చాలి.

ఎంపిక తేలికే. బ్రేక్ ఆయిల్ ట్యాంకు (రిజర్వాయరు) మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 4 తీసుకోండి. ఈఎస్‌పీ (కారు జారకుండా అదుపు చేసే వ్యవస్థ) ఉన్న కొన్ని కార్లకు పలుచటి డాట్ 4 కావాలి. పుస్తకంలో ‘క్లాస్ 6’ అని ఉంటే అదే కొనండి. అర లీటరు సీలు డబ్బాలు రెండు సాధారణంగా సరిపోతాయి. పోయినసారి వాడగా మిగిలిన డబ్బా వాడకండి. వాన పడుతున్న రోజున ఈ పని పెట్టుకోకండి.

వరుస:

(1) రిజర్వాయరు మూత చుట్టూ తుడిచి, పాత ద్రవాన్ని సిరంజితో తోడి, కొత్తది నింపండి.
(2) మాస్టర్ సిలిండర్‌కు (పెడల్ తొక్కితే ద్రవాన్ని నెట్టే భాగం) దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి. మన కార్లలో అది కుడివైపు ఉంటుంది కాబట్టి సాధారణంగా ఎడమ వెనుక, కుడి వెనుక, ఎడమ ముందు, కుడి ముందు. పుస్తకం వేరే వరుస చెబితే అదే పాటించండి.
(3) నిపుల్‌కు (క్యాలిపర్ మీద ద్రవం బయటికి తీసే చిన్న స్క్రూ) పారదర్శక పైపు తొడిగి, రెండో కొస కొంచెం కొత్త ద్రవం ఉన్న సీసాలో ముంచండి.
(4) ఒకరు పెడల్ నెమ్మదిగా తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపుల్ వదులు చేసి మళ్లీ బిగించాలి. ‘తొక్కు’, ‘బిగించాను’, ‘పెడల్ వదులు’ అని పైకి చెప్పుకుంటూ చేయండి.
(5) పైపులో తేనె రంగు పోయి లేత రంగు వచ్చేదాకా, ఒక్క బుడగ కూడా లేకుండా ఆగేదాకా సాగించండి. నాలుగు పిస్టన్ల క్యాలిపర్‌కు రెండు నిపుల్స్ ఉంటే రెండింటి నుంచీ ద్రవం తీయాలి.
(6) మాన్యువల్ కారైతే క్లచ్ లైన్ కూడా చేయండి. చాలా కార్లలో అది ఇదే రిజర్వాయరు నుంచి తాగుతుంది.

పాత కారులో పెడల్‌ను నేల దాకా తొక్కకండి. రోజువారీ వాడకంలో సీలు వెళ్లని చోట సిలిండర్ గోడ గరుకు దేలి ఉంటుంది. అక్కడిదాకా నెడితే సీలు చిరుగుతుంది. పెడల్ కింద చిన్న చెక్క ముక్క పెడితే ఆ భయం ఉండదు.

మధ్యలో రిజర్వాయరు ఖాళీ అయితే గాలి ఏబీఎస్ యూనిట్‌లోకి చేరుతుంది. అప్పుడు స్కానర్‌తో ఏబీఎస్ పంపు తిప్పించి మళ్లీ మొదటి నుంచి చేయాలి. కారు పెయింటు మీద ద్రవం పడితే రుద్దకుండా వెంటనే ధారాళంగా నీళ్లు పోయండి.

5. ఇంజన్ ఆయిల్: ఎలా ఎంచుకోవాలి

‘సార్, మన ఎండలకు పలుచటిది ఆగదు, 20డబ్ల్యూ-50 పోద్దాం.’ ఈ మాట మీకు తప్పకుండా వినిపిస్తుంది. అందులోని అంకెలు ఆయిల్ చిక్కదనం గ్రేడు. చెప్పేవారి ఉద్దేశం మంచిదే, పాత అంబాసిడర్‌కు అది సరైన మాటే. ఈ ఇంజన్లకు కాదు.

ఇంజన్ వేడెక్కాక లోపలి ఆయిల్ 90 నుంచి 120 డిగ్రీల మధ్య ఉంటుంది. దాన్ని అదుపు చేసేవి థర్మోస్టాట్, ఆయిల్ కూలర్. బయట రామగుండంలో 45 డిగ్రీలు ఉన్నా, జనవరిలో ఆదిలాబాద్ చలి ఉన్నా లోపల తేడా స్వల్పమే. డబ్బా మీది రెండో అంకె 100 డిగ్రీల దగ్గరి చిక్కదనాన్ని బట్టి ఇచ్చింది. ఆ అంకెను ఇంజన్ తయారుచేసినవారు బేరింగుల ఖాళీలు, పంపు శక్తి చూసే నిర్ణయిస్తారు. చిక్కటిది పోస్తే ఉదయం స్టార్ట్ చేయగానే టర్బోకు ఆయిల్ ఆలస్యంగా అందుతుంది. ఆయిల్ ఒత్తిడితో పనిచేసే వాల్వ్ టైమింగ్ యంత్రాంగం తడబడుతుంది. ముస్టాంగ్ జీటీ 5 లీటర్ల వీ8కు ఫోర్డ్ చెప్పింది 5డబ్ల్యూ-20. దానిలో 20డబ్ల్యూ-50 పోయడం పెద్ద తప్పు.

డబ్బా మీద చూడాల్సినవి, ముఖ్యమైనది ముందుగా:

• కారు కంపెనీ ఆమోద నంబరు: బీఎండబ్ల్యూ ఎల్‌ఎల్-01, మెర్సిడెస్ 229.5, ఫోక్స్‌వ్యాగన్ 502 00, పోర్షే ఏ40 లాంటివి. మీ పుస్తకంలో ఉన్నది అక్షరాలా కలవాలి
• ‘ఆమోదం పొందింది’ అని ఉందా, ‘తగినది’ అని మాత్రమే ఉందా. రెండోది ఆయిల్ కంపెనీ సొంత మాట
• చిక్కదనం అంకె
• డైరెక్ట్ ఇంజెక్షన్ టర్బో పెట్రోల్ అయితే, పుస్తకం ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) గ్రేడు అడిగిన చోట ఎస్‌పీ. 2020లో వచ్చిన ఈ గ్రేడులో తక్కువ వేగంలో ఇంధనం ముందే మండిపోయే సమస్యకు పరీక్ష ఉంది

బ్రాండు గొడవ నా దృష్టిలో వీటన్నిటి తర్వాతే. నకిలీ డబ్బాలు మాత్రం నిజమైన బెడద. అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనండి. బాగా తక్కువ ధరకు ఇస్తామంటే వెనక్కి వచ్చేయండి.

ఇంజన్ ఫ్లష్ మందు (లోపలి మడ్డిని కడిగే ద్రవం) గురించి కూడా అడుగుతున్నారు. చరిత్ర తెలియని ఇంజన్‌లో వాడవద్దనే నా సలహా. ఊడిన మడ్డి ఆయిల్ పంపు జల్లెడకు అడ్డుపడితే ఇంజనే పోతుంది. దానికి బదులు మంచి ఆయిల్ పోసి 3,000 కిలోమీటర్లకే మళ్లీ మార్చండి. ఆ తర్వాత 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు లేదా ఏడాదికి, ఏది ముందైతే అది.

6. ఇంజన్ ఆయిల్: మార్చే వరుస

(1) ఇంజన్‌ను గోరువెచ్చగా చేసి ఆపండి. బాగా కాలిన ఆయిల్ చేతిని కాలుస్తుంది.
(2) పైమూత, ఫిల్టర్ మూత వదులు చేయండి. ఆయిల్ వేగంగా దిగుతుంది.
(3) డ్రెయిన్ బోల్టు తీసి 20 నిమిషాలు వదలండి.
(4) కొత్త వాషర్‌తో, పుస్తకం చెప్పిన టార్క్‌కు బిగించండి. బీఎండబ్ల్యూ ఎన్55 ఇంజన్‌లో అది 25 న్యూటన్ మీటర్లు. చాలామంది చేతి బిగింపు దీన్ని సులభంగా దాటిపోతుంది.
(5) ఫిల్టర్ మార్చండి. మూత మీది పాత ఓ రింగు తీసేశారో లేదో వేలితో తడిమి చూడండి. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి ఉండిపోతే కారడం ఖాయం.
(6) చెప్పిన కొలతకు అర లీటరు తక్కువ పోసి స్టార్ట్ చేయండి. ఆయిల్ ఒత్తిడి దీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి.
(7) ఆపి, కాసేపు ఆగి, మట్టం చూసి మిగతాది పోయండి.

గేజు కడ్డీ లేని బీఎండబ్ల్యూలలో ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే తెర మీద మట్టం నమ్మదగినది. డ్రై సంప్ (ఆయిల్‌ను విడి ట్యాంకులో ఉంచే) ఇంజన్లకు పద్ధతి వేరు, పుస్తకం చూడకుండా పోయకండి. ఎక్కువ పోస్తే మేలని అనుకోవద్దు. క్రాంక్ తగిలి ఆయిల్ నురగ అవుతుంది.

పాత ఆయిల్‌ను, ఫిల్టర్‌ను వదిలేసే ముందు పరీక్షగా చూడండి. కాగితం ఫిల్టర్‌ను కోసి, ఒక్కో మడత విప్పి ఎండలో అటూ ఇటూ వంచి చూడండి. నల్లటి జిడ్డు మామూలే. రాగి రంగు మెరుపు పొడిలా తళుక్కుమంటే బేరింగులను అనుమానించాలి. గోరుకు తగిలే రేకులుంటే కారు నడపడం ఆపండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంటే కూలెంట్ కలుస్తోందని అర్థం. పెట్రోలు వాసన గట్టిగా వస్తే ఇంజెక్టర్లు చూపించాలి.

7. కూలెంట్

‘మనకు మంచు లేదు కదా, కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలు’ అనేవారున్నారు. కూలెంట్ మరిగే హద్దును పెంచుతుంది. దానికి మించి అల్యూమినియం తుప్పు పట్టకుండా, పంపు సీలు అరగకుండా కాపాడుతుంది. బోరు నీళ్లలోని లవణాలు రేడియేటర్ సన్నని గొట్టాల్లో పొరలుగా పేరుకుంటాయి. వాడాల్సింది డిస్టిల్డ్ వాటర్. అలాగని కూలెంట్ గాఢద్రవాన్ని ఒట్టిగా పోయడమూ తప్పే. వేడిని మోయడంలో నీరే గొప్పది. సగం సగం సరైన పాళ్లు.

రంగు చూసి కొనకండి. గులాబీ, ఊదా, నీలం అన్నవి కంపెనీకో రకంగా ఉంటాయి. ఫోక్స్‌వ్యాగన్ కుటుంబానికి జీ12 ప్లస్‌ప్లస్, జీ13 లాంటి కోడ్ చూడాలి. పొసగని రెండు రకాలు కలిస్తే జెల్లీలా గడ్డకట్టే అవకాశం ఉంది.

• చల్లారిన ఇంజన్ మీదే మూత తీయండి. వేడి మీద తీస్తే ముఖం కాలుతుంది
• పాతది దించాక డిస్టిల్డ్ వాటర్ నింపి, వేడిచేసి, చల్లార్చి, మళ్లీ దించండి. తేటగా వచ్చేదాకా ఇదే పని
• కడిగిన నీరు కొంత ఇంజన్ బ్లాకులో మిగిలిపోతుంది. సగం పాళ్లు కావాలంటే మొత్తం కొలతలో సగం గాఢద్రవం ముందు పోసి, తర్వాత నీళ్లతో నింపండి
• గాలి తీసే స్క్రూ ఉంటే బుడగలు ఆగేదాకా తెరిచి ఉంచండి. ఎలక్ట్రిక్ వాటర్ పంపు ఉన్న బీఎండబ్ల్యూలలో ఇంజన్ ఆపే ఉంచి, ఇగ్నిషన్ వేసి, హీటర్ గరిష్ఠంగా, ఫ్యాన్ కనిష్ఠంగా పెట్టి, యాక్సిలరేటర్ పది సెకన్లు తొక్కి పట్టుకుంటే పంపే 12 నిమిషాలు తిరిగి గాలి తీస్తుంది

పదేళ్లు దాటిన కారులో ప్లాస్టిక్ ట్యాంకు అతుకుల దగ్గర గీతలు వెతకండి. కనిపిస్తే ఈ పనితో పాటే మార్చేయండి.

8. గేర్‌బాక్స్

ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. మొదటి నియమం: పోసే బోల్టు విప్పగలిగాకే దించే బోల్టు ముట్టుకోండి. పాతది దించేశాక పోసే బోల్టు రాకపోతే కారు కదలదు.

మాన్యువల్ అయితే జీఎల్-4, జీఎల్-5 అనే గేరు ఆయిల్ గ్రేడుల తేడా గమనించండి. అంకె పెద్దదైతే మెరుగు కాదు. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని గంధకం కలిసిన పదార్థాలు ఇత్తడి సింక్రోలను (గేర్లు సాఫీగా పడేలా చేసే వలయాలు) తినేస్తాయి. పుస్తకం జీఎల్-4 అంటే అదే.

ఆటోమేటిక్‌లో ‘ఆయిల్ జీవితకాలం వస్తుంది’ అన్న మాటను నమ్మకండి. ఎన్నో కంపెనీలు వాడే ఎనిమిది గేర్ల ఆటోమేటిక్‌ను తయారుచేసే జెడ్‌ఎఫ్, 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య మార్చమంటుంది. తడి క్లచ్‌ల (ఆయిల్‌లో మునిగి ఉండేవి) ఆరు గేర్ల డీఎస్‌జీకి గడువు 60,000. పోలో జీటీఐ లాంటి కార్లలోని ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ పూర్తిగా వేరే జాతి. దానిలో ఈ ఆయిల్ పోయకూడదు.

ఇప్పుడు అసలు చిక్కు. ఆరు గేర్ల డీఎస్‌జీ మట్టం చూడాల్సింది ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు. జెడ్‌ఎఫ్ ఎనిమిది గేర్లకు 30 నుంచి 50. ఐరోపాలో గది చల్లగా ఉంటుంది కాబట్టి ఆయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది, తీరిక దొరుకుతుంది. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం షెడ్డులో నిలిపిన కారు, డబ్బాలోని కొత్త ఆయిల్ కూడా 40 దాటే ఉంటాయి. ఇంజన్ స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే హద్దు దాటిపోతుంది. వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది కనుక మట్టం చూసే రంధ్రం నుంచి ఎక్కువగా పొర్లిపోతుంది. మట్టం సరిగ్గా ఉందని బిగించేస్తాం, చల్లారాక లోపల తక్కువే ఉంటుంది. క్లచ్‌లు జారడం, గేరు కుదుపు అక్కడే మొదలవుతాయి.

కాబట్టి ఈ పని డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి. వేసవిలో తప్పనిసరైతే కారును రాత్రంతా నీడలో ఉంచి, తెల్లవారుజామున ఐదింటికి మొదలుపెట్టండి. కొత్త ఆయిల్ డబ్బాలు ఇంట్లో చల్లని మూల ఉంచండి.

తడి డీఎస్‌జీ వరుస:

(1) స్కానర్‌లో ఉష్ణోగ్రత కనిపిస్తోందో లేదో చూసుకోండి.
(2) డ్రెయిన్ బోల్టు తీయండి. కొంతే కారి ఆగిపోతుంది. లోపల నిలువుగా సన్నని ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది. అదే మట్టం కొలిచే గొట్టం. షడ్భుజి కీతో దాన్నీ తీస్తేనే అసలు ఆయిల్ దిగుతుంది.
(3) ఫిల్టర్ మార్చండి. బయటికి వచ్చినది కొలిచి రాసుకోండి.
(4) గొట్టాన్ని తిరిగి బిగించి, దిగినదానికంటే కొంచెం ఎక్కువ పోయండి.
(5) స్టార్ట్ చేసి, బ్రేక్ తొక్కి పట్టుకుని, అన్ని గేరు స్థానాల్లో కొన్ని సెకన్లు ఆపి, పార్కింగ్‌కు తీసుకురండి.
(6) ఇంజన్ నడుస్తుండగా, ఉష్ణోగ్రత హద్దులో ఉండగా కింది బోల్టు తీయండి. ధారగా వస్తే అది చుక్కలుగా మారేదాకా ఆగి కొత్త వాషర్‌తో బిగించండి. అసలేమీ రాకపోతే తక్కువ పడింది, ఇంకా పోయాలి.

పాత ఆయిల్‌ను ఒత్తిడితో మొత్తం నెట్టే యంత్రం పెడతామంటే చరిత్ర తెలియని గేర్‌బాక్స్‌కు నేను ఒప్పుకోను. దించి నింపడమే క్షేమం.

9. డిఫరెన్షియల్, హాల్‌డెక్స్

ఇక్కడా పోసే బోల్టే ముందు. చేతి పంపుతో నింపి, రంధ్రం అంచుదాకా వచ్చి పొర్లగానే ఆపండి. లిమిటెడ్ స్లిప్ (ఒక చక్రమే వృథాగా తిరగకుండా ఆపే) రకమైతే పుస్తకం అడిగిన ఫ్రిక్షన్ మాడిఫయర్ (రాపిడిని సరిచేసే మందు) కలిసి ఉండాలి. లేకపోతే మలుపుల్లో వెనుక నుంచి కటకటమని చప్పుడు వస్తుంది. మార్చాక ఖాళీ మైదానంలో నెమ్మదిగా 8 ఆకారంలో కొన్నిసార్లు తిప్పండి.

ఆడి టీటీ క్వాట్రో లాంటి కార్లలో హాల్‌డెక్స్‌కు (అవసరమైనప్పుడు వెనుక చక్రాలకు శక్తి పంపే క్లచ్ యూనిట్) వేరే ఆయిల్ ఉంటుంది. ఐదో తరం యూనిట్‌లో పంపు జల్లెడను కూడా తీసి కడగాలి. ఒట్టి ఆయిల్ మార్చి వదిలేస్తే జల్లెడ మూసుకుపోయి పంపు కాలిపోతుంది.

10. పాత ద్రవాలు ఏం చేయాలి

వాడిన ఆయిల్ 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కిందికి వస్తుంది. సెంట్రింగ్ పలకలకు పూస్తామనో, చెద పట్టకుండా తలుపులకు రాస్తామనో ఎవరైనా అడుగుతారు. ఇవ్వకండి. వేరే డబ్బాలో మూత పెట్టి, అధీకృత రీసైక్లర్లకు పంపే పెద్ద సర్వీసు సెంటరుకు అప్పగించండి. మోరీలో పోసింది చెరువుకే చేరుతుంది.

కూలెంట్ విషయంలో మరింత జాగ్రత్త. తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలు, పశువులు నాకుతాయి, ప్రాణం పోతుంది. పని జరుగుతున్నంతసేపూ పళ్లేన్ని కప్పి ఉంచండి. దాన్ని ఆయిల్‌తో కలపకుండా విడిగా ఇవ్వండి.

11. నడిపి చూడటం

• బయలుదేరే ముందు పెడల్ గట్టిగా ఉందా? ఇంటి ముందే నెమ్మదిగా వెళ్తూ రెండుసార్లు ఆపి చూడండి
• మొదటి 20 కిలోమీటర్లు మామూలు వేగంతో. ఉష్ణోగ్రత ముల్లు మీద కన్ను ఉంచండి
• ఇంటికి వచ్చాక కింద అట్ట పరిచి రాత్రంతా ఉంచండి. మరక ఎక్కడ, ఏ రంగులో పడిందో అదే చెబుతుంది
• మర్నాడు చల్లని ఇంజన్ మీద కూలెంట్ మట్టం చూసి తగ్గినంత పోయండి
• 200 కిలోమీటర్ల తర్వాత ఇంజన్ ఆయిల్ మట్టం, అన్ని బోల్టుల చుట్టూ తడి చూడండి. కింది ప్లాస్టిక్ కవరు అప్పటిదాకా బిగించకపోతే ఈ తనిఖీ సులువు. అయితే రాజీవ్ రహదారి మీద వేగం అందుకునే ముందు దాన్ని అన్ని క్లిప్పులతో బిగించేయాలి. వదులుగా ఉన్న కవరు గాలికి చిరిగి చక్రానికి చుట్టుకుంటుంది